పళ్లెములోని వాగ్దానము: నూతన సంవత్సర వాగ్దాన కార్డులపై ఒక విమర్శ

తెలుగు సంఘాలలో డిసెంబరు 31 రాత్రి కూడికకు ఒక ప్రత్యేకమైన ఘట్టము ఉన్నది. పాత సంవత్సరమునకు కృతజ్ఞత చెప్పి, మోకాళ్లూని ప్రార్థించి, పన్నెండు గంటలు దాటగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకొన్న తరువాత, బోర్లించిన కార్డులున్న పళ్లెము ముందుకు వస్తుంది. పెద్దలు, పిల్లలు, ఏడాదంతా మందిరపు గడప తొక్కనివారు సైతము వరుసలో నిలిచి తలా ఒక కార్డు తీసికొంటారు. దానిపై ఒక వచనము ఉంటుంది. చాలచోట్ల ఆ వచనముకంటె పెద్ద అక్షరాలలో సంఘము పేరు, ప్రక్కన కాపరి దంపతుల ఫోటో కూడ ఉంటాయి. కొన్ని సంఘాలలో పళ్లెము లేదు. కాపరి ఉపవాస ప్రార్థనలో పొందిన ఒక వచనమును సంఘమంతటికీ ఆ సంవత్సరపు వాగ్దానముగా ప్రకటిస్తారు. అది క్యాలెండరు మీద, ఫ్లెక్సీ మీద, ఇప్పుడు వాట్సాప్ స్టేటస్ మీద పన్నెండు నెలలు నిలుస్తుంది.

ఈ ఆచారమును వెక్కిరించుట సులభము. మా ఉద్దేశము అది కాదు. చదువు రాని ఒక తల్లి తన కార్డును మనుమరాలిచేత చదివించుకొని, కంఠస్థము చేసికొని, చేనులో కలుపు తీస్తూ ఆ మాటను తలంచుకొంటున్నదంటే, అది సెమినరీ గ్రంథాలయములో కూర్చుని హెబ్రీ ధాతువులు వల్లెవేయుటకంటె తక్కువ భక్తి కాదు. మా ప్రశ్న ఆ తల్లి భక్తిని గూర్చినది కాదు, ఆమె చేతికి మనము ఏమిస్తున్నామన్నదాన్ని గూర్చినది. కార్డు మీదికి ఎక్కునప్పుడు దేవుని వాగ్దానము తాను పుట్టిన ప్రజనుండి, సందర్భమునుండి కత్తిరింపబడుతున్నదని, ఆ కత్తిరింపుకు మూల్యము చెల్లించేది కత్తిరించిన కాపరి కాదు, కార్డు తీసికొన్న విశ్వాసియేనని ఈ వ్యాసములో చూపదలచాము.

చీట్లు, కావలి రాత్రి, నిబంధన

వచనములను చీట్లవలె తీసి చూచుకొనుట సంఘములో చాల పాత అలవాటు. సువార్త పుటలనుండి సోదె చూచుకొనేవారిని గూర్చి ఆగస్టీను యనూరియసుకు వ్రాసిన 55వ ఉత్తరములో ప్రస్తావించాడు. దయ్యములను ఆశ్రయించుటకంటె అది నయమే గాని, రాబోవు జీవమును గూర్చి మాటలాడు దైవవాక్కును లోకవ్యవహారములకు, ఈ జీవితపు వ్యర్థతకు త్రిప్పుట తనకు నచ్చదని ఆయన అభిప్రాయము. 506లో ఆగ్డే సభ, 511లో ఓర్లెయాను సభ ఇటువంటి అలవాట్లను నిషేధించాయి. నిషేధము వేసినందువలన ఆచారము పోలేదు, ఎప్పుడూ పోదు కూడ.

సంస్కరణ సంఘాలలో ఈ అలవాటు ప్రసిద్ధికెక్కినది జర్మను భక్తి ఉద్యమము ద్వారా. బొగట్స్కీ 1718లో తన వాగ్దానముల పెట్టెను ప్రచురించాడు. 1728 మే 3న జింజెండోర్ఫు హెర్న్‌హూట్‌లోని మొరేవియను సహోదరులకు మరుసటి దినము కొరకు ఒక వాక్యమును ఇచ్చాడు. అది ఇంటింటికీ మోసికొనిపోబడినది. 1731 నుండి ఈ వాక్యములు సంవత్సరమంతటికీ సరిపడ పుస్తకముగా అచ్చవుతున్నాయి. నేటికిని సుమారు 1,800 పాత నిబంధన వచనములలోనుండి చీట్లు తీసి ఒక్కొక్క దినమునకు ఒక వచనమును నిర్ణయిస్తారు.

ఇక్కడ మన కార్డులకూ వారి పద్ధతికీ ఉన్న తేడాను జాగ్రత్తగా చూడాలి. వారి వచనము ఒక్కరిది కాదు, సంఘమంతటిది. అది ఒక సంవత్సరపు భవిష్యత్తు కాదు, ఒక దినపు ఆహారము. అంతకంటె ముఖ్యముగా, చీటిలో వచ్చిన పాత నిబంధన వచనము ఒంటరిగా నిలువదు. దానికి తగిన క్రొత్త నిబంధన వచనమును చీటి వేయకుండ, ఆలోచించి ఎన్నుకొని ప్రక్కన ఉంచుతారు. ఆ వాక్యమునకు వారు పెట్టిన జర్మను పేరుకు సైనికుల సంకేతపదము అని అర్థము. కావలివానికి సంకేతపదము ఇచ్చేది అతని అదృష్టము చెప్పుటకు కాదు, అతడు ఎవరి పక్షమువాడో తెలియుటకు.

మన డిసెంబరు 31 రాత్రి కూడికకు మరియొక వేరు జాన్ వెస్లీ దగ్గర ఉన్నది. మొరేవియనుల నుండి నేర్చుకొన్న కావలి రాత్రిని మెథడిస్టులు 1740ల నుండి ఆచరించారు. 1755 ఆగస్టు 11న వెస్లీ లండనులో మొదటిసారి నిబంధన ఆరాధన జరిపాడు. కాలక్రమమున అది నూతన సంవత్సర ఆరాధనగా స్థిరపడినది. (వెస్లీ తానే ఎన్నోమారులు చీట్లు వేసి నిర్ణయాలు తీసికొన్నవాడు, ముందు నిర్ణయ సిద్ధాంతమునకు వ్యతిరేకముగా ప్రసంగించాలా వద్దా అన్నది కూడ 1739లో చీటి వేసియే తేల్చుకొన్నాడు. కాబట్టి ఆయనను మేము ఈ విషయములో నిర్దోషిగా నిలబెట్టబోవుట లేదు.) ఆ నిబంధన ఆరాధనలో మాట ఇచ్చేది ఆరాధకుడు. రాబోవు ఏడు సుఖమే గాని శ్రమయే గాని, తనకు పని అప్పగింపబడినను తాను ప్రక్కన పెట్టబడినను, తాను దేవుని సొత్తేనని అతడు ఒప్పుకొంటాడు. మెథడిస్టులు కలిసిన దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన క్రమములలో ఈ నిబంధన ఆరాధనకు నేటికిని చోటు ఉన్నది. అది ఎన్ని పాస్టరేట్లలో జరుగుతున్నదన్నది అక్కడి కాపరులు తమను తాము అడుగుకొనవలసిన ప్రశ్న.

అంటే మనము కావలి రాత్రిని ఉంచుకొన్నాము, నిబంధనను వదలుకొన్నాము, దాని చోట పళ్లెమును పెట్టాము. ఆ రాత్రి మనము దేవునికి మాట ఇచ్చేవారము. ఇప్పుడు దేవుడే మనకు మాట ఇవ్వాలి, అది కూడ అచ్చువేసి.

పంచాంగము ఖాళీచేసిన చోటు

ఈ మార్పు తెలుగు నేలమీద ఇంత సహజముగా ఎందుకు ఇమిడిపోయినది? ఉగాది నాడు మన పొరుగువారు పంచాంగ శ్రవణము వింటారు. ప్రతి రాశికీ ఆ ఏటి ఆదాయము ఎంత, వ్యయము ఎంత, రాజపూజ్యము ఎంత, అవమానము ఎంత అని అంకెలు చదువుతారు. మన పితరులు క్రీస్తునందు విశ్వాసముంచినప్పుడు ఆ శ్రవణమును విడిచిపెట్టారు. కాని ఆ శ్రవణము జవాబిచ్చే ప్రశ్న, అనగా ఈ ఏడు నాకు ఎట్లుండబోవుచున్నదన్న ప్రశ్న, వారితో కూడ మందిరములోనికి వచ్చినది. మనము ఆ ప్రశ్నను సువార్త వెలుగులో పరీక్షించలేదు. దానికి జవాబు చెప్పే పుస్తకమును మాత్రము మార్చాము.

ఒక విషయములో పంచాంగమే మనకంటె నిజాయితీ గలది. అది వ్యయమును దాచదు, అవమానమును దాచదు. మన పళ్లెములో ఆదాయము, రాజపూజ్యము మాత్రమే ఉన్నాయి. క్రీస్తునందు సద్భక్తితో బ్రదుకగోరువారందరికీ హింస కలుగునని పౌలు తిమోతికి వ్రాసిన మాట (2 తిమోతి 3:12) కూడ వాగ్దానమే. లోకములో శిష్యులకు శ్రమ కలుగునని యేసు చెప్పినది (యోహాను 16:33) కూడ వాగ్దానమే. ఈ రెండు వచనములను ఏ ముద్రణాలయమువారైనా వాగ్దాన కార్డులుగా అచ్చువేయగా మేము చూడలేదు. వేసినా ఎవరూ కొనరు. యోహాను 16:33లోని ధైర్యపు మాట ఒంటరిగా కార్డు మీద కనబడుతుంది. అదే వచనములో దానికి ముందున్న శ్రమ మాత్రము కనబడదు.

యిర్మీయా ఉత్తరము

కార్డులలో మిక్కిలి తరచుగా కనబడే యిర్మీయా 29:11నే తీసికొందాము. అది ఒక ఉత్తరములోని మాట. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమునుండి చెరగొనిపోయినవారికి యిర్మీయా ఆ ఉత్తరము వ్రాశాడు. దానికి ముందు అధ్యాయములో హనన్యా అను ప్రవక్త రెండు సంవత్సరములలో అందరూ తిరిగి వస్తారని దేవాలయములో ప్రకటించి, యిర్మీయా మెడమీది కాడిని విరిచాడు. హనన్యా ప్రవచనములో గడువు ఉన్నది, ఆశ ఉన్నది, జనము కోరుకొన్నదంతా ఉన్నది. ఆ ప్రవచనము అబద్ధము. మన భాషలో చెప్పాలంటే మంచి వాగ్దాన కార్డు ఇచ్చినవాడు హనన్యాయే.

దానికి బదులుగా యిర్మీయా వ్రాసినదేమి? ఇండ్లు కట్టుకొనండి, తోటలు నాటుకొనండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, మిమ్మును చెరపట్టిన పట్టణము మేలు కోరి దానికొరకు ప్రార్థించండి; మీ విడుదల డెబ్బది సంవత్సరముల తరువాత. ఆ తరువాతనే 11వ వచనము వస్తుంది. ఉత్తరము చదువగా విన్న ముప్పది ఏండ్ల మనిషి ఆ వాగ్దానపు నెరవేర్పును కన్నులార చూచి ఉండడు. అతడు బబులోనులోనే కన్ను మూశాడు. అయినను వాగ్దానము అతనిదే, ఎందుకనగా అతడు ఒక ప్రజలోని వాడు. అతని మనుమలు తిరిగి వెళ్తారు. వాగ్దానము నిజమగుటకును, అది నా ఆయుష్కాలములోనే, ఈ డిసెంబరులోపే నెరవేరుటకును ఉన్న వ్యత్యాసమును ఈ ఉత్తరముకంటె స్పష్టముగా చూపే వాక్యభాగము అరుదు. సరిగ్గా ఈ వాక్యభాగమునుండే మనము పన్నెండు నెలల గడువుగల వాగ్దానమును తయారుచేశాము.

మన తెలుగు అనువాదమును గూర్చి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. హెబ్రీలో 7వ వచనములో షాలోమ్ అను పదము మూడుమార్లు వస్తుంది, 11వ వచనములో మరల వస్తుంది. బబులోను షాలోమ్‌ను కోరండి, దాని షాలోమ్‌లోనే మీకు షాలోమ్. మిమ్మును గూర్చిన నా తలంపులు కూడ షాలోమ్ తలంపులే అన్నది ఉత్తరపు అల్లిక. మన పాత అనువాదములో మొదటిచోట క్షేమము అనియు, రెండవచోట సమాధానకరమైన అనియు ఉన్నది. రెండు పదములును తప్పు కావు. కాని అల్లిక తెగిపోయినది. శత్రువు పట్టణపు మేలుతో ముడిపడిన దేవుని తలంపు తెలుగు చదువరికి తన వ్యక్తిగత మనశ్శాంతిగా వినబడుతుంది. పైగా వాడుక భాషలో సమాధానము అంటే జవాబు. క్రొత్తగా వచ్చిన విశ్వాసి ఆ వచనమును తన ప్రార్థనకు జవాబు దొరుకునని అర్థము చేసికొంటే అతనిని నిందించలేము.

రెండవది సర్వనామము. ఈ వచనములో దేవుడు మిమ్మును గూర్చి అంటాడు. ఇంగ్లీషు చదువరికి ఏకవచనమో బహువచనమో తెలియక పొరబడే అవకాశమున్నది. తెలుగు చదువరికి ఆ సాకు లేదు. మన పాత అనువాదములో దేవుడు అబ్రాహాముతోనైనను మోషేతోనైనను నీవు అనియే మాటలాడుతాడు. మీరు అన్నప్పుడు అది ప్రజ. కాని నేటి తెలుగులో మీరు అన్నది మర్యాద వాచకము కూడ కాబట్టి, కార్డు చేతబట్టుకొన్న విశ్వాసికి దేవుడు తననొక్కనినే గౌరవముగా పిలుచుచున్నట్లు వినబడుతుంది. కాపరి ఒక్క నిమిషము ఆగి ఇది మనందరినీ కలిపి అన్న మాట అని చెబితే చాలు. ఆ ఒక్క నిమిషము కార్డుల పంపిణీలో దొరకదు.

మిగిలిన వచనములను గూర్చి విస్తరించనక్కర లేదు. తలగా ఉంచుదునన్న ద్వితీయోపదేశకాండము 28:13 ఉన్న అధ్యాయములో దీవెనలు 14 వచనములు, శాపములు 54 వచనములు; రెండింటికీ ముందు విధేయత అన్న షరతు ఉన్నది. ఫిలిప్పీ 4:13 పదవ తరగతి పరీక్షల కాలములో మిక్కిలి గిరాకీగల వచనము. దానికి ముందు వచనములో పౌలు తాను ఆకలిగొనుట నేర్చుకొన్నానని చెప్పుచున్నాడు. ఇక 91వ కీర్తన. సువార్తలలో ఆ కీర్తన 11, 12 వచనములను సందర్భమునుండి వేరుచేసి, ఒక వ్యక్తికి వాగ్దానముగా చేతికిచ్చినవాడు ఎవరో మత్తయి 4:6 చదివినవారికి తెలియును. ప్రభువు ఆ వాగ్దానము అబద్ధమనలేదు. దేవుని శోధింపకూడదన్న మరియొక లేఖనమును ప్రక్కన ఉంచి దానిని చదివాడు.

ఎవరి నోట అవును అయినవి?

వాగ్దానములన్నియు క్రీస్తునందు అవును అన్నట్లుగా ఉన్నవని పౌలు చెప్పెను గదా (2 కొరింథీ 1:20), అందుచేత ఏ వాగ్దానమునైనను విశ్వాసి తనదిగా తీసికొనవచ్చు గదా అని కొందరు అడుగుతారు. ఇది గౌరవించదగిన వాదన. కాని ఆ వచనములోని బరువంతా క్రీస్తునందు అన్న మాటమీద ఉన్నది. వాగ్దానము నా చెంతకు వచ్చేముందు ఆయన గుండా వస్తుంది, అనగా సిలువ గుండా, పునరుత్థానము గుండా. క్రొత్త నిబంధనలో వాగ్దానము అన్న గ్రీకు పదము యాభైసార్లకు పైగా వస్తుంది. అది ఎక్కువగా సూచించేది పరిశుద్ధాత్మను (గలతీ 3:14), నిత్యమైన స్వాస్థ్యమును (హెబ్రీ 9:15), నిత్యజీవమును (1 యోహాను 2:25). ఈ జీవితమునకు వాగ్దానమే లేదని మేము అనుట లేదు. 1 తిమోతి 4:8 ఇప్పటి జీవమును కూడ పేర్కొన్నది. అయితే అక్కడ కూడ అది దైవభక్తికి చెందిన వాగ్దానమే గాని ఉద్యోగమునకో వీసాకో కాదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమైతే వాగ్దానఫలము అనుభవింపక విశ్వాసమందే మృతినొందినవారిని విశ్వాస వీరులుగా నిలబెట్టినది. మన సాక్ష్యపు కూటములలో వారికి మాటలాడే అవకాశము దొరుకదు.

స్పర్జను 1888లో దినదిన వాగ్దానముల పుస్తకమునకు విశ్వాసపు బ్యాంకు చెక్కుపుస్తకమని అర్థమిచ్చే పేరు పెట్టాడు. మన ప్రసంగీకులు ఆ పోలికను ఇష్టముగా వాడుతారు. దానిని సిద్ధపరచిన దినములలో ఆయన తీవ్రమైన వివాదములో నలుగుచు, దేహములో బాధపడుచు ఉండెనన్నది మాత్రము ప్రసంగములలో వినబడదు. 1892లో ఆయన చనిపోయేవరకు ఆ జబ్బు ఆయనను వదలలేదు. చెక్కు చెల్లలేదని ఆయన అనలేదు.

మూల్యము చెల్లించేవారు

ఇదంతా వ్యాఖ్యాన శాస్త్రపు చర్చగా మిగిలిపోయి ఉంటే మేము ఇంత దూరము వ్రాసి ఉండము. 2021 ఏప్రిల్, మే నెలలలో కోవిడ్ రెండవ అల వచ్చినప్పుడు తెలుగు రాష్ట్రాలలో అనేక సంఘాలు తమ విశ్వాసులనే గాక తమ కాపరులను కూడ పోగొట్టుకొన్నాయి. నాలుగు నెలల క్రితము ఆ ఇండ్లలో కార్డులు గోడకు అంటింపబడినవి. ఏ తెగులును నీ గుడారము సమీపింపదన్న భావముగల వచనము ఉన్న గోడప్రక్కనే శవపేటిక ఉంచబడినప్పుడు, ఆ ఇంటి ఇల్లాలు ఏమని తలంచాలి? ఆమెకు రెండు దారులే కనబడతాయి: దేవుడు మాట తప్పాడు, లేదా నా విశ్వాసము చాలలేదు. భక్తిగలవారు మొదటిది అనలేరు గనుక రెండవదానిని మోస్తారు. అప్పుడు కొందరు సేవకులు యోబు స్నేహితుల వలె వచ్చి ఇంట్లో ఏదో పాపము ఉన్నదేమో పరీక్షించుకొనమని సలహా ఇస్తారు. విధవరాలు తన భర్త మరణమునకు తానే కారణమని నమ్మేటట్లు చేసినది ఆ సేవకుడొక్కడే కాదు. జనవరి 1న సందర్భము చెప్పకుండ పళ్లెము పట్టినవారికి కూడ అందులో పాలు ఉన్నది.

గర్భఫలము లేనివారు, అప్పులవారు, ఏండ్ల తరబడి ఉద్యోగ నోటిఫికేషన్ కొరకు కాచుకొన్న యౌవనస్థులు కూడ ఇదే లెక్కలో ఉన్నారు. డిసెంబరు రాగానే వారు మౌనముగా ఆ కార్డును బైబిలునుండి తీసి, మరియొకదానికొరకు వస్తారు. పాతదానిని గూర్చి ఎవరూ వారిని అడుగరు.

మరి కాపరి ఏమి చేయాలి? పళ్లెమును ఒక్కసారిగా ఎత్తివేయుమని మేము చెప్పము. సంఘము దానిని ప్రేమించుచున్నది, ప్రేమించినదానిని లాగివేస్తే మరియొక చోటికి వెళ్లి తెచ్చుకొంటుంది. సంఘమంతటికీ ఒకే వచనమును ఇచ్చి, కార్డు వెనుక ఆ అధ్యాయపు పేరు అచ్చువేసి, జనవరిలోని నాలుగు ఆదివారములు ఆ అధ్యాయమునే బోధించుట ఒక మంచి ఆరంభము. యిర్మీయా 29:11 ఇస్తే 7వ వచనము కూడ ఇవ్వండి. మన ఊరి మేలు కొరకు, మనలను ఇష్టపడనివారి వీధి కొరకు కూడ ఆ ఏడు ప్రార్థించుటకు సంఘమును నడిపించండి. పళ్లెము ముందు నిబంధన ప్రార్థన ఉండనివ్వండి. దానికి ప్రత్యేక గ్రంథము అక్కరలేదు, మన మాటలలోనే వ్రాసికొనవచ్చు. ఫోటో విషయములో కాపరులు తామే నిర్ణయించుకొందురు గాక.

అన్నిటికంటె కష్టమైనది సాక్ష్యముల ఘట్టము. డిసెంబరు 31 రాత్రి వాగ్దానము నెరవేరినవారిని మాత్రమే ముందుకు పిలుచుచున్నాము. నెరవేరనివారు వెనుక వరుసలో ఉన్నారు, వారి పేర్లు కాపరికి తెలుసు. వారిని మాటలాడమని బలవంతపెట్టనక్కర లేదు. వారి పక్షముగా సంఘమంతయు నిలువబడి 13వ కీర్తననో 88వ కీర్తననో బిగ్గరగా చదువవచ్చు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అది చదివిన తరువాత వెంటనే కీబోర్డు వాయించకుండ, కాసేపు ఊరకుండి, ఆ తరువాత పళ్లెము తెచ్చినను ఫరవాలేదు.